బస్తీ ఇల్లు, బల్దియా పని: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా బస్తీలో 300 గుడిసెలు, రేకుల ఇళ్లు ఉన్నాయి. ఇవి ఖాళీ చేస్తే ఇక్కడే అపార్ట్‌మెంట్లు కట్టిస్తామంటున్నారు. ఒప్పుకునే ముందు ఏం అడగాలి?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: ముందు స్థలం లెక్క అడగండి. జీహెచ్ఎంసీ (బల్దియా) కట్టించిన డబుల్ బెడ్‌రూం ఇల్లు 560 చదరపు అడుగులు. 300 ఇళ్లకు 1,68,000 అడుగులు. నాలుగు అంతస్తుల్లో సర్దితే అంతస్తుకు 42,000, అంటే ఇంచుమించు ఎకరం నేల భవనాల కిందికే పోతుంది. దారులు, సంపు, ట్రాన్స్‌ఫార్మర్, పిల్లలు ఆడుకునే జాగా కలిపితే దాదాపు రెండెకరాలు కావాలి. మీ బస్తీ ఎకరమే అయితే అంతస్తులు పెంచాలి, లేదా కొందరిని వేరేచోటికి పంపాలి. ఏది చేస్తారో మొదటి మీటింగులోనే చెప్పించి, మినిట్స్‌లో రాయించండి.

సర్వేలో తలుపులు లెక్కపెడితే చాలదు. ఒకే తలుపు వెనక పెళ్లయిన ఇద్దరు కొడుకులు ఉంటే అవి మూడు కుటుంబాలు. కిరాయిదారుల పేర్లు సాధారణంగా ఇక్కడే జారిపోతాయి. జాబితాను ఫొటోలతో సహా వార్డు ఆఫీసులో అతికించి, అభ్యంతరాలకు గడువు ఇచ్చాకే కూల్చివేత మొదలవాలి. బస్తీని రెండు సగాలు చేసి, ఒక సగంలో కట్టి, జనాన్ని అందులోకి మార్చాక రెండో సగం కూల్చడం మేలు. కట్టడం ఆలస్యమైతే మొత్తం బస్తీ ఏళ్ల తరబడి కిరాయిలు కట్టుకుంటూ తిరగాల్సిన పని తప్పుతుంది.

అంతస్తులు పెరిగితే లిఫ్టు తప్పదు. లిఫ్టు, నీళ్ల మోటారు, మెట్ల దగ్గర లైట్లు అన్నీ కామన్ మీటరు మీద నడుస్తాయి. ఆ బిల్లు ఎవరు కట్టాలో తేలకపోతే ముందు లిఫ్టు ఆగుతుంది, తర్వాత మోటారు. పై అంతస్తులవాళ్లు బిందెలు మోయడం మొదలుపెట్టాక ఇల్లు కిరాయికిచ్చి వెళ్లిపోతారు. అందుకని తాళాలు చేతికి రాకముందే సంఘం రిజిస్టర్ కావాలి. లిఫ్టు నిర్వహణ కొన్నేళ్లపాటు కాంట్రాక్టులోనే ఉండాలి. కింద నాలుగు దుకాణాలు కట్టి, వాటి అద్దె సంఘం ఖాతాలో పడేలా బల్దియా ఉత్తర్వు ఇవ్వాలి.

ఉన్నచోటే కట్టడం సాధ్యమని మీ ఊళ్లోనే రుజువైంది. 2015లో ఐడీహెచ్ కాలనీలో 396 ఇళ్లు పాత బస్తీ జాగాలోనే లేచాయి. 2023లో ప్రారంభమైన కొల్లూరు కాలనీలో 15,660 ఇళ్లున్నాయి, కట్టడం బాగుంది. కానీ అది అవుటర్ రింగు రోడ్డు దగ్గర. సికింద్రాబాద్‌లో ఇళ్లల్లో పనిచేసుకునే మనిషికి ఆ దూరమే నెలనెలా పడే అద్దె.

ప్రశ్న: కోట్లు పెట్టి టవర్లు కట్టే బిల్డర్ల దగ్గర పేదలకు కొన్ని ఫ్లాట్లు రాబట్టలేరా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మహారాష్ట్రలోని పెద్ద నగరాల్లో 4,000 చదరపు మీటర్లు దాటిన స్థలంలో కట్టే ప్రాజెక్టుల్లో 20 శాతం చిన్న ఇళ్లు ఉండాలన్న నిబంధన ఉంది. అక్కడ ఎంత స్థలానికి ఎంత కట్టొచ్చో పరిమితి ఉంటుంది, కాబట్టి అదనపు నిర్మాణానికి అనుమతిని బిల్డర్లకు ఎరగా చూపిస్తారు. హైదరాబాద్‌లో 2006 నుంచి అలాంటి పరిమితే లేదు. రోడ్డు వెడల్పు, వదలాల్సిన ఖాళీ సరిపోతే ఎత్తు దొరుకుతుంది. ఎలాగూ దొరికేదాన్ని చూపించి బేరం ఎలా ఆడతారు?

మిగిలిన దారి, ఎత్తు పెరిగేకొద్దీ రుసుము పెంచి, ఆ డబ్బును విడి ఖాతాలో ఉంచి, పేదల ఇళ్లకు స్థలం కొనడం. సాధారణ ఖజానాలో కలిపితే అది రోడ్ల ప్యాచ్‌వర్కుకే పోతుంది. ఫ్లాట్ల బదులు డబ్బు తీసుకోవడం నాకు పూర్తిగా నచ్చదు. డబ్బుతో స్థలం దొరికేది ఊరి చివరే.

ప్రశ్న: నా పేరిట 55 గజాల జాగా ఉంది. ఇందిరమ్మ ఇల్లు వస్తే సరిపోతుందా? పర్మిషన్ కావాలా?
– ఒక పాఠకురాలు, బోరబండ

జవాబు: 75 గజాల లోపు స్థలంలో, 7 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి 2020 నాటి టీఎస్-బీపాస్ (ఇళ్ల పర్మిషన్ల) చట్టం ప్రకారం పర్మిషన్ అక్కర్లేదు. రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు. చెరువు శిఖం (చెరువు నీళ్లు నిలిచే నేల), సర్కారు భూమి అయితే ఆ రూపాయి రసీదు కాపాడదు.

మీ జాగా 15 × 33 అడుగులనుకుందాం. ముందు 5 అడుగులు వదిలితే 15 × 28, అంటే 420 చదరపు అడుగులు. ఇందిరమ్మ పథకానికి కనీసం 400 ఉండాలి, 600 దాటకూడదు. మీకు చాలుతుంది కానీ మేస్త్రీ మెట్లకని ముందుభాగం ఇంకాస్త తినేస్తే 400 కంటే తగ్గిపోతుంది, ముగ్గు పోసేటప్పుడే టేపు పెట్టి కొలిపించండి. సాయం 5 లక్షలు పునాది, గోడలు, స్లాబు, ముగింపు దశలవారీగా, పని అయ్యాకే పడుతుంది. పునాదికి మాత్రం సొంత డబ్బు సిద్ధంగా ఉంచుకోండి.