ఇంట్లో తీసిన వీడియో టీవీ ప్లేయర్లో ఆడాలంటే డీవీడీ మైనస్ ఆర్ కొనాలా, ప్లస్ ఆర్ కొనాలా?

రెండూ ఒక్కసారే రాసుకునే ఖాళీ డిస్కులే, మైనస్ ఆర్ కొనండి. అది 1997 నాటిది, ప్లస్ ఆర్ 2002లో వచ్చింది, అందుకే బాగా పాత ప్లేయర్లకి మైనసే నయం. తర్వాత వచ్చినవాటికి రెండూ ఒకటే. చెరిపి మళ్లీ రాసుకునే ఆర్‌డబ్ల్యూ జోలికి మాత్రం వెళ్లకండి, చాలా పాత ప్లేయర్లు దాన్ని గుర్తుపట్టవు.

కానీ నన్నడిగితే డిస్క్ ఆడకపోవడానికి అసలు కారణం ప్లస్సూ మైనస్సూ కాదు, ఫైనలైజ్ చేయకపోవడమే, అంటే రికార్డింగ్ అయ్యాక డిస్క్‌ని ముగించే ఆఖరి పని చేయకపోవడమే. మా బావగారు అమెరికా నుంచి వచ్చినప్పుడు చిన్న డిస్కుల మీద నేరుగా రికార్డ్ చేసే క్యామ్‌కార్డర్ తెచ్చారు. 8 సెంటీమీటర్ల డిస్క్, 1.4 జీబీ, మామూలు క్వాలిటీలో అరగంట పడుతుంది. మేనకోడలి అన్నప్రాసన, మా నాయనమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని పాడిన లాలిపాట అన్నీ అందులోనే ఉన్నాయి. ఆయన డిస్కులు మాకిచ్చి కెమెరా తీసుకుని వెళ్లిపోయారు. ప్లేయర్లో పెడితే ‘నో డిస్క్’, పక్కింటివాళ్ల దాంట్లోనూ అంతే, కంప్యూటరేమో ఖాళీ డిస్క్ అంటుంది. అప్పటికి నాయనమ్మ లేదు, అమ్మ ఒకటే ఏడుపు. ఊళ్లో వీడియో స్టూడియో అతను అటూ ఇటూ తిప్పి చూసి "ఇవి పోయాయండీ, పారేయండి" అన్నాడు. తెలియకపోతే తెలియదని చెప్పాలి గానీ, మనిషి గొంతు ఉన్న డిస్క్‌ని పారేయమంటారా? ఆ కోపం నాకింకా పోలేదు.

వీడియో ఎక్కడికీ పోదు. ఎక్కడ ఏముందో ప్లేయర్‌కి చెప్పే సమాచారం రాయలేదు, అంతే. ఐసోబస్టర్ లాంటి రికవరీ సాఫ్ట్‌వేర్‌తో తెరిస్తే పాటతో సహా మొత్తం బయటికొచ్చింది. అమెరికా వీడియో కదా, అక్కడి టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ నుంచి మన పద్ధతి పాల్‌లోకి మార్చమని అందరూ సలహా ఇచ్చారు. మార్చకండి, మన దగ్గర దొరికే ప్లేయర్లు దాదాపు అన్నీ రెండూ ఆడిస్తాయి, మారిస్తే కదలికలు తెగితెగి వస్తాయి.

ఇంకొకటి, ఎంపీ4 ఫైల్‌ని లాగి డిస్క్‌లో పడేస్తే అది డేటా డిస్క్ అవుతుంది, పాత ప్లేయర్ దాన్ని తాకదు. బర్నింగ్ సాఫ్ట్‌వేర్‌లో డీవీడీ వీడియో అని ఎంచుకోండి, అదే వీడియోని డీవీడీ ప్లేయర్లు చదివే ఎంపెగ్-2 రూపంలోకి మార్చి వీడియో టీఎస్ ఫోల్డర్ తయారు చేస్తుంది. అట్ట మీద 4.7 జీబీ అని ఉన్నా కంప్యూటర్ లెక్కలో అది 4.37 మాత్రమే, కాబట్టి నాలుగు గంటల పెళ్లిని ఒక్కదాంట్లో కుక్కకండి, ముఖాలు చదరాలు చదరాలుగా కనిపిస్తాయి. రెండు గంటలు దాటితే రెండో డిస్క్ తీసుకోండి. డిస్క్ మీద 16 ఎక్స్ వేగం అని ఉన్నా 8 ఎక్స్‌లోనే రాయండి.

పేరు సీడీ మార్కర్‌తో రాయండి, పెళ్లి ఫొటో స్టిక్కర్లు మాత్రం అంటించకండి. ఒక అంచు లేచిందంటే డిస్క్ తిరిగేటప్పుడు ఊగి మధ్యలో ఆగిపోతుంది.