క్షయ తేలిన ఆవును అంగడికి తోలవద్దు

ప్రశ్న: నాకు ఆరు సంకరజాతి ఆవులున్నాయి. ఒకటి మూడు నెలలుగా దగ్గుతోంది, మేత తింటున్నా చిక్కిపోతోంది. డాక్టరు గారు మెడ మీద సూది వేసి, మూడు రోజులకు చూసి క్షయ అన్నారు. మందులు వాడాలా, అమ్మేయాలా?
– ఒక పాడి రైతు, పరకాల

జవాబు: అమ్మవద్దు. మీరు అంగడికి తోలిన ఆవు మరో రైతు కొట్టంలో చేరి, దగ్గు తుంపరల ద్వారా అక్కడి పశువులన్నింటికీ ఈ జబ్బు అంటిస్తుంది. మందులూ వద్దు. నెలల తరబడి వాడినా పశువు రోగక్రిములను విసర్జిస్తూనే ఉండవచ్చు; పైగా మనుషుల టీబీకి వాడే పైరజినమైడ్ పశుక్షయ క్రిమి మీద పనిచేయదు. కాబట్టి ఆ ఆవును దూరంగా వేరే కొట్టంలో కట్టి, దానికి ప్రత్యేకంగా కుడితి తొట్టి, బకెట్లు కేటాయించి, దాని పనులన్నీ చివరన చేసుకోండి. దాని పాలు కేంద్రానికి పోయవద్దు, దూడకూ తాపవద్దు.

మిగిలిన ఐదింటికీ అదే మెడ సూది పరీక్ష (ట్యూబర్‌క్యులిన్ పరీక్ష) చేయించండి. సూది వేసిన 72 గంటలకు చర్మం మందం 4 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి పెరిగితే క్షయగా పరిగణిస్తారు. ఇప్పుడు రాలేదని నిశ్చింతగా ఉండకూడదు. కొత్తగా సోకినవి, ఈమధ్యే ఈనినవి పరీక్షకు దొరకకపోవచ్చు గనుక కనీసం 42 రోజుల తర్వాత మళ్లీ చేయించాలి.

ఇంట్లో అందరూ, ముఖ్యంగా పచ్చిపాలు తాగిన పిల్లలు, ఆసుపత్రిలో చూపించుకుని, ఆవుకు క్షయ ఉన్న సంగతి వైద్యునికి తప్పక చెప్పండి. మెడ గ్రంథులు వాచినా, కడుపునొప్పి వీడకపోయినా ఆలస్యం చేయవద్దు. ఇకపై ఏ పాలైనా పొంగు వచ్చేదాకా కాచి తాగండి.

ఇంత చేసినా మీ ఒక్కరి కొట్టం శుభ్రమైతే చాలదు, పక్కింటి ఆవు అదే కుంటలో నీళ్లు తాగుతుంది కదా. ఆస్ట్రేలియాలో 1970లో మొదలైన నిర్మూలన కార్యక్రమానికి ప్రభుత్వాలూ పశుపోషకులూ కలిసి ఖర్చు భరించారు, కబేళాలో క్షయ గడ్డలు కనిపించిన పశువు ఏ మందదో వెతికి పట్టుకున్నారు. 1997 నాటికి ఆ దేశం పశుక్షయ రహితమైంది. పరీక్షలో తేలిన పశువులను అక్కడ వధించారు, మన దగ్గర ఆవులకు ఆ మార్గం లేదు. అందుకే పరీక్ష, వేరు చేయడం, కొనే ముందు చూసుకోవడం మనకు మరింత కీలకం. మీ పాల సంఘం సమావేశంలో ఈ విషయం దాచకుండా చెప్పి, ఊరి పాడి పశువులన్నింటికీ ఒకేసారి పరీక్ష చేయమని సంఘం తీర్మానంతో పశువైద్యాధికారిని కోరండి. పశువులను తోలుకొచ్చి నిలబెట్టే బాధ్యత సంఘానిది, పరీక్ష చేసే బాధ్యత పశుసంవర్ధక శాఖది. చెవి పోగు నంబరు వారీగా ఫలితాలు రాసి ఉంచితే, రెండో విడతకు ఏ పశువూ తప్పిపోదు.