ఎరేజ్‌డూప్స్ పెట్టినా హిస్టరీలో అవే కమాండ్లు ఎందుకు మిగులుతున్నాయి?

ఉబుంటు లైనక్స్‌లో, అదే కమాండ్ మళ్లీ కొడితే పాత లైన్‌ను తుడిచే ఎరేజ్‌డూప్స్ సెట్టింగ్ పెట్టినా, కొట్టిన కమాండ్లు దాచే హిస్టరీ ఫైల్లో అవే కమాండ్లు మళ్లీ మళ్లీ కనిపిస్తున్నాయని అడిగారు. మీ సెట్టింగ్ సరిగ్గానే ఉందండి. కాకపోతే ఎరేజ్‌డూప్స్ తుడిచేది ఆ టెర్మినల్ మెమరీలో ఉన్న పాత లైన్లను మాత్రమే. టెర్మినల్లో మన కమాండ్లు నడిపే ప్రోగ్రామ్ బ్యాష్. ఉబుంటులో దాని సెట్టింగ్స్ ఫైల్ బ్యాష్‌ఆర్‌సీలో, హిస్టరీ ఫైల్‌ను తిరగరాయకుండా చివర చేర్చే హిస్ట్‌అపెండ్ ముందే ఆన్ చేసి ఉంటుంది కాబట్టి, టెర్మినల్ మూసినప్పుడు కొత్త లైన్లు ఫైల్ చివర చేరతాయంతే. అప్పటికే ఫైల్లో ఉన్నవాటి జోలికి బ్యాష్ వెళ్లదు.

మాదాపూర్‌లో సర్వర్లు చూసుకునే ఉద్యోగం నాది, రోజంతా నాలుగైదు టెర్మినల్స్ తెరిచే ఉంటాయి. పాత కమాండ్లు వెతికే కంట్రోల్ ఆర్ నొక్కి, వేరే సర్వర్‌లోకి లాగిన్ అయ్యే కమాండ్ ఎస్ఎస్‌హెచ్ అని కొడితే రోజూ వాడే రెండు సర్వర్ల లైన్లే మార్చి మార్చి వచ్చేవి, నాకు కావాల్సిన మూడోది ఎక్కడో అడుగున ఉండేది. దానికి నెట్‌లో అందరూ చెప్పే మందు ఒకటుంది: ప్రతి కమాండ్ అయ్యాక బ్యాష్ తనంతట తాను నడిపే ప్రాంప్ట్ కమాండ్ సెట్టింగ్‌లో, హిస్టరీ అనే కమాండ్‌కు వరుసగా ఎన్, డబ్ల్యూ, సీ, ఆర్ ఆప్షన్లు ఇవ్వడం. అంటే ప్రతి కమాండ్ తర్వాత ఫైల్లోని కొత్త లైన్లు చదివి, మొత్తం తిరగరాసి, మెమరీ ఖాళీ చేసి, మళ్లీ నింపడం. డూప్లికేట్లు చాలావరకు పోతాయి. కానీ అన్ని టెర్మినల్స్ హిస్టరీ కలిసిపోతుంది. పై బాణం నొక్కితే పక్క విండోలో కొట్టిన రీస్టార్ట్ కమాండ్ ఇక్కడికొస్తుంది. జనం నిజంగా వాడుతున్న ప్రొడక్షన్ సర్వర్ మీద అది నిజంగా ప్రమాదం, నేనైతే ససేమిరా పెట్టను.

పైగా సర్వర్ మీద ఏది ముందు కొట్టాం, ఏది తర్వాత అన్న వరుస ముఖ్యం. పాత లైన్ చెరిపేస్తే ఆ వరుస పోతుంది. అందుకే అక్కడ ఎరేజ్‌డూప్స్ బదులు ఇగ్నోర్‌బోత్ అనే సెట్టింగ్ చాలు. వెంటవెంటనే కొట్టిన అదే కమాండ్‌ను, ముందు స్పేస్ ఇచ్చి కొట్టిన కమాండ్‌ను అది దాచుకోదు. అమీర్‌పేటలో లైనక్స్ నేర్చుకుని మా టీమ్‌లో చేరేవాళ్లకు ఈ స్పేస్ సంగతే ముందు చెప్తాను, పాస్‌వర్డ్ ఉన్న లైన్ హిస్టరీలోకి ఎక్కకుండా ఉంటుందని. ఎరేజ్‌డూప్స్ సొంత ల్యాప్‌టాప్‌కు బాగుంటుంది.

ఇప్పటికే పేరుకుపోయిన చెత్తకు: ముందు ఫైల్‌ను కాపీ తీసుకోండి. లైన్లను కింది నుంచి పైకి ఇచ్చే టాక్ కమాండ్‌తో తిరగేసి, లైన్లను వడకట్టే ఆక్ కమాండ్‌తో ప్రతి లైన్ మొదటిసారి వచ్చినప్పుడే ఉంచి, మళ్లీ టాక్‌తో తిరగేయండి. అలా చేస్తే ప్రతి కమాండ్‌లో చివరిసారి కొట్టినదే మిగులుతుంది. కమాండ్ ఎప్పుడు కొట్టామో చూపే హిస్ట్‌టైమ్‌ఫార్మాట్ సెట్టింగ్ పెట్టుకుని ఉంటే మాత్రం ఇలా చేయొద్దు. అప్పుడు ప్రతి కమాండ్ పైన హ్యాష్ గుర్తుతో టైమ్ లైన్ ఉంటుంది, ఏ టైమ్ ఏ కమాండ్‌దో తెలియకుండా పోతుంది.