ఎలియాస్ మనిషిగా మారతాడా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అనిమే, అంటే జపాన్ యానిమేషన్ సిరీస్‌ల ముగింపుల గురించే. ముందే చెప్పేస్తున్నాను, ఈ జవాబుల్లో కొన్ని సిరీస్‌ల ఆఖరి మలుపులు బయటపడతాయి. ఇంకా చూడనివాళ్లు ఆ ప్రశ్న దాటేసి కిందికి వెళ్లిపోండి. తర్వాత నన్ను తిట్టొద్దు.

ప్రశ్న: మేం ముగ్గురం స్నేహితురాళ్లం. 'ది ఏన్షియంట్ మేగస్ బ్రైడ్' రెండు సీజన్లూ చూశాం. పుర్రె తల మాంత్రికుడు ఎలియాస్ చివరికి మనిషిగా మారి, తన శిష్యురాలు చిసెతో కాపురం చేస్తాడని నా వాదన. చిసె చనిపోతుంది, కథంతా అంత దిగులుగా ఉండేది అందుకేనని ఇంకో అమ్మాయి అంటుంది. చిసెకు ఎలాగూ చావులేని శాపం తగిలింది కదా, ఇద్దరూ వందల ఏళ్లు కలిసి ఉంటారు పొమ్మంటుంది మూడో ఆమె. వాదన ముదిరి మాటలు మానేసేదాకా వచ్చింది. తీర్పు మీరే చెప్పాలి. (పేరు వద్దన్న పాఠకురాలు)

జవాబు: మీ ముగ్గురిలో ఎవరూ గెలుస్తారని నాకనిపించడం లేదు. అందరికంటే ఎక్కువ తేడాతో ఓడిపోయేది మీరే తల్లీ, కాబట్టి ముందు మీ సంగతి చూద్దాం.

శాపం తగిలి మృగమైపోయిన రాజకుమారుడు ప్రేమ దొరకగానే మళ్లీ మనిషవడం చిన్నప్పటి నుంచీ వింటున్న కథే. ఎలియాస్ భుజాల మీద ఆ పుర్రె, కొమ్ములు చూడగానే మన మనసు ఆ దారినే పడుతుంది. అయితే ఆ రాజకుమారుడు మొదట మనిషి. తిరిగి పొందడానికి అతనికో రూపం ఉంది. ఎలియాస్ ఏనాడూ మనిషి కాడు, పూర్తిగా ఫెయిరీ కూడా కాడు. తానెవరో, ఎక్కణ్నుంచి వచ్చాడో తనకే గుర్తులేని స్థితిలో లిండెల్ అనే మాంత్రికుడి కంటబడ్డాడు. అతని ముఖం శాపం కాదు, అతని ముఖమే అది. మనిషి ముఖం కావాలంటే మంత్రంతో తెచ్చిపెట్టుకోగలడు, జనంలోకి వెళ్లేటప్పుడు తెచ్చిపెట్టుకుంటాడు కూడా. అంత సులువుగా దొరికే దాన్ని ఆఖరి బహుమతిగా ఏ రచయితా దాచిపెట్టరు.

అతనికి లేనిది వేరే ఉంది. స్టెల్లా అనే చిన్నపిల్లతో చిసె చనువుగా ఉంటే లోపల రగిలేదాన్ని అసూయ అంటారని కూడా అతనికి తెలియదు. చిసెను డ్రాగన్ శాపం నుంచి తప్పించడానికని చెప్పి ఆ చిన్నపిల్లను బలి ఇవ్వబోయాడు. మొదటి సీజన్ మొత్తంలో నాకు భయం వేసింది అక్కడే. చావులేని విలన్ కార్టాఫిలస్ కూడా నన్నంత భయపెట్టలేదు. ఆ పని చేయించింది కొమ్ములు కాదు కదా! ఎంతో చక్కని మనిషి ముఖంతో అంతకంటే ఘోరాలు చేసేవాళ్లను అదే సిరీస్ రెండో సీజన్‌లో చూపించింది. ఫిలొమెలా అనే అమ్మాయిని పెంచిన ఆ నాయనమ్మను గుర్తుచేసుకోండి.

చిసె చనిపోతుందన్న మీ స్నేహితురాలి దగ్గర ఆధారాలు గట్టిగానే ఉన్నాయి. చిసె స్లే బెగీ. చుట్టూ ఉన్న శక్తిని ఒంట్లోకి లాక్కుంటూ, ఆ బరువు మోయలేక తొందరగా రాలిపోయే రకం. ఇలాగే వదిలేస్తే మూడేళ్లేనని కథ మొదట్లోనే చెప్పేశారు. కానీ ఆ పిల్ల ఎక్కడ మొదలైందో చూడండి. పదిహేనేళ్ల వయసు. నిన్ను కనకుండా ఉండాల్సింది అని తల్లి కళ్లముందే దూకేసింది. బతుకు మీద ఆశ లేక వేలంలో నిలబడితే ఎలియాస్ 50 లక్షల పౌండ్లు పోసి కొన్నాడు. అక్కణ్నుంచి మొదటి సీజన్ 24 ఎపిసోడ్లూ ఆ పిల్లకు బతకాలనిపించేలా చేయడానికే ఖర్చయ్యాయి. కోరె యమజాకి ఈ మాంగా (జపనీస్ బొమ్మల కథ) మొదలుపెట్టింది 2013లో. ఇన్నేళ్లు గోరుముద్దలు పెట్టి బతికించుకొచ్చిన పిల్లను ఆఖరి అధ్యాయంలో చంపితే ప్రేక్షకుల కన్నీళ్ల కోసం చేసిన మోసమే అవుతుంది. యమజాకి అలాంటి మోసం చేసే మనిషిలా నాకు కనబడలేదు.

ఇక చిరంజీవి వాదం. మూడో ఆమెకు నా తరఫున ఒక ప్రశ్న వేయండి: ఈ కథలో చావును తప్పించుకోవాలని చూసి బాగుపడిందెవరు? రోగంతో ఉన్న భార్య మీనాను దక్కించుకోవడానికి మాథ్యూ పిల్లుల్ని చంపాడు. పోతున్న ప్రాణం నిలవలేదు సరికదా, ఆ ఊరి పిల్లులు తరతరాలు కాపలా కాయాల్సిన పాపం మాత్రం మిగిలింది. కార్టాఫిలస్ ఒళ్లు కుళ్లిపోతూ, నొప్పి తగ్గక, చావు రాక, దొరికినవాళ్ల ఒళ్లు కోసి చూస్తూ తిరిగాడు. చావులేకపోవడాన్ని ఇంత అసహ్యంగా చూపించాక, అదే వరమని చేతిలో పెట్టి శుభం కార్డు వేస్తారా? పైగా చిసె కంట్లో ఉన్న కార్టాఫిలస్ శాపమూ, ఆమె చేతిలో ఉన్న డ్రాగన్ శాపమూ ఒకదాన్నొకటి లాగిపట్టి ఉంచుతున్నాయి. అంతే తప్ప ఆమె చావును గెలిచిందని ఎవరూ అనలేదు. ఈ సంగతి ఫ్యాన్స్‌లో చాలామంది పట్టించుకోరు.

అసలు సూచన ఇంకోచోట ఉంది. జోయెల్ అనే ముసలాయన, ఆయన తోటలో ఉండే లియనన్ షీ అనే ఫెయిరీ. ఆయనకు ఆమె కనబడదు, ఎప్పుడో ఒక్కసారి గులాబీల మధ్య మెరిసిందన్న జ్ఞాపకం తప్ప. ఆమె ప్రేమే ఆయన ఆయుష్షును తాగేస్తోంది. చిసె రోజుల తరబడి కష్టపడి ఒక లేపనం తయారుచేసి ఆయన కళ్లకు రాస్తుంది. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుంటారు, ఆయన పోతాడు. ఆయన ఆయుష్షు పెరగలేదు. ఆమె మనిషి కాలేదు. పదిమంది ఏడ్చిన ఎపిసోడ్ అని అందరూ చెప్పుకుంటారు గానీ, నా అనుమానం వేరు. యమజాకి తన ముగింపును ముందుగా ఒకసారి చిన్నగా రాసి చూసుకున్నది అక్కడే.

కాబట్టి నా పందెం ఇది. చిసె మనిషికి పట్టే ఆయుష్షు బతుకుతుంది, ముసలిదవుతుంది. ఎలియాస్ కొమ్ములతో అలాగే ఉంటాడు. పోయేవాళ్లను పోనివ్వడం నేర్చుకోవాల్సింది అతనే. నెవిన్ అనే ఆ పెద్ద డ్రాగన్ పోయాక చెట్టయింది, ఆ చెట్టు కొమ్మే చిసె చేతికర్ర అయింది. ఇందులో పోయినవాళ్లు పూర్తిగా పోరు. చిసె చనిపోతుందన్న స్నేహితురాలికి ఈ మాట చెప్పండి, కాస్త ఊరట. పెళ్లి సంగతి అడక్కండి. మొదటి సీజన్ ఆఖర్లోనే చిసె పెళ్లిగౌను వేసుకుని కనిపించింది, కథ మాత్రం ఆగలేదు. ఈ రచయిత దృష్టిలో పెళ్లి ముగింపు కాదని అప్పుడే అర్థమై ఉండాలి.

ప్రశ్న: మనిషిగా మారడమంటే మీకెందుకంత చిన్నచూపు? 'కామిసామా కిస్'లో నక్క తొమోయె మారలేదా? అది మాత్రం అందరికీ నచ్చింది కదా?

జవాబు: నాకూ నచ్చింది. తొమోయె కోరికను కథ పునాదిలోనే పెట్టారు, ఎలియాస్ విషయంలో అలా పెట్టలేదు, తేడా అదే. హీరోయిన్ నానమి గుళ్లో అడుగుపెట్టడానికి 500 ఏళ్ల ముందే, ఒక అమ్మాయి కోసం మనిషినవుతానని ఆ నక్క ఒక పతనమైన దేవుడితో ఒప్పందం చేసుకుంది. అదే శాపమై ప్రాణం మీదికొస్తే, ఆ గుడి పాత దేవుడు మికాగె ఆ జ్ఞాపకాలను కట్టేసి కాపాడాడు. శాపం ఆ కోరికలోంచి పుట్టింది, ముడి విప్పాలంటే ఆ కోరిక దగ్గరికే రావాలి. జూలియెట్టా సుజుకి 2008 నుంచి 2016 దాకా నడిపిన మాంగా అది. 2012, 2015ల్లో వచ్చిన టీవీ సీజన్లు రెండూ చూసి అయిపోయిందనుకుని లేచిపోయినవాళ్లకు ఇదంతా తెలియకపోవచ్చు. గతం కథా, పెళ్లి దాకా నడిచిన కథా ఓవీఏలుగా, అంటే టీవీలో రాకుండా నేరుగా డిస్కుల మీద అమ్మే ఎపిసోడ్లుగా వచ్చాయి. వెతుక్కుని చూడండి.

ముగింపు పందేలు కట్టేవాళ్లకు నేనిచ్చే సలహా ఏమిటంటే, మొదట్లో చెప్పిన నియమాన్ని రాసిపెట్టుకోండి. 2011లో వచ్చిన 'హొతారుబి నో మొరి ఎ' ముప్పావుగంట సినిమా. మనిషి తాకితే గిన్ అనే కుర్రాడు మాయమైపోతాడని మొదట్లోనే చెప్పేస్తారు. ఆ ఒక్క వాక్యంతో ముగింపు మన చేతిలో పెట్టేసినట్టే. అయినా ఆ తాకిడి ఎవరి నుంచి వస్తుందో నేను ఊహించలేకపోయాను.

ప్రశ్న: 'యోనా ఆఫ్ ది డాన్' 24 ఎపిసోడ్లు చూశాను. నలుగురు డ్రాగన్ యోధులూ కలిశారు, ఇంక యుద్ధమే అనుకున్నా. అయిపోయింది! యోనా అంగరక్షకుడు హక్ మనసులో మాట చెప్పనేలేదు, సింహాసనం లాక్కున్న సూవోన్ దాని మీద అలాగే కూర్చున్నాడు. ఇది ముగింపేనా సార్?

జవాబు: సార్ కాదు, మేడమ్. ముగింపు కూడా కాదు.

మిజుహో కుసనాగి మాంగా 2009లో 'హనా టు యుమె' పత్రికలో మొదలైంది. అనిమే 2014 అక్టోబర్ నుంచి 2015 మార్చి దాకా వచ్చింది. అప్పటికి మాంగాలో కథ ఇంకా చాలా దూరం పోవాల్సి ఉంది. జపాన్‌లో టీవీ అనిమేకు డబ్బు పెట్టేది సాధారణంగా ఒక కమిటీ. అందులో పుస్తకాలు వేసేవాళ్లుంటారు, పాటలు అమ్మేవాళ్లుంటారు, చానెల్ వాళ్లుంటారు. మూడు నెలలకు పన్నెండు పదమూడు ఎపిసోడ్ల లెక్కన స్లాటు తీసుకుంటారు. పుస్తకాలు అమ్ముడుపోయేందుకు ప్రచారం దొరికితే చాలు, కొందరికి పని అయిపోయినట్టే. నలుగురు యోధులు కలవడం ఆగడానికి అనువైన చోటు, అందుకే అక్కడ ఆపారు. హక్ బాధ కమిటీకి పట్టదు.

మాంగా పూర్తి కాకముందే అనిమే తనంతట తాను ముగించుకుంటే ఏమవుతుందో కూడా చూశాం. 'ఫ్రూట్స్ బాస్కెట్' మాంగా 1998 నుంచి 2006 దాకా నడిస్తే, మొదటి అనిమే 2001లోనే 26 ఎపిసోడ్లలో దుకాణం కట్టేసింది. శాపం తగిలిన సొహ్మా కుటుంబానికి పెద్ద అయిన అకితోను అందులో మగవాడిగానే చూపించారు. అసలు నిజం మాంగాలో తర్వాత బయటపడింది. సొహ్మా వాళ్ల శాపం ఎలా తెగిందో తెరమీద చూడాలంటే 2019 నుంచి 2021 దాకా వచ్చిన 63 ఎపిసోడ్ల కొత్త సిరీస్ దాకా ఆగాల్సి వచ్చింది. అయినా పాతదాన్ని నేను తీసిపారేయను. ఆ కుటుంబంలోని క్యో అసలు రూపాన్ని చూసి హీరోయిన్ తొహ్రు భయపడుతూనే వెంటపడి వెళ్లిన తీరు అందులోనూ బాగుంటుంది. ఆగిపోయిన అనిమే, తొందరపడి ముగిసిన అనిమే, ఈ రెండింట్లో ఏది మేలంటే నేను మొదటిదే అంటాను. మిగతాది చదువుకోవచ్చు.

ప్రశ్న: 'ఇనుయాషా'లో హీరోయిన్ కగోమె తల్లినీ, తమ్ముణ్నీ, తాతనీ వదిలేసి 500 ఏళ్ల వెనక్కి వెళ్లిపోవడం స్వార్థం అనిపించలేదా? మా గ్రూపులో ఇదే గొడవ.

జవాబు: అనిపించలేదు. వెంటనే వెళ్లిపోయి ఉంటే అనిపించేదేమో. రచయిత్రి రుమికో తకహాషి, ఆ కాలానికి దారైన బావిని మూడేళ్లు మూసేసింది. కగోమె ఇంటి దగ్గరే ఉండి హైస్కూలు చదువు పూర్తిచేసింది, అప్పుడు తెరుచుకుంది. పదిహేనేళ్ల పిల్ల కొట్టుకుపోవడం వేరు, పద్దెనిమిదేళ్ల అమ్మాయి తెలిసి గడప దాటడం వేరు. 1996లో వచ్చిన 'ఎస్కాఫ్లోన్'లో హితోమి తను ప్రేమించిన వ్యాన్ అనే యువకుణ్ని గయా అనే వేరే లోకంలోనే వదిలేసి భూమికి తిరిగొచ్చింది. అదీ తెలిసి చేసిన పనే. ఇద్దర్లో ఎవర్నీ తప్పుపట్టలేను.

నా ఫిర్యాదు వేరే. మొదటి 'ఇనుయాషా' 167 ఎపిసోడ్లు తీరిగ్గా నడిచింది. 2009లో మొదలైన 'ది ఫైనల్ యాక్ట్' మాత్రం దాదాపు 20 సంపుటాల కథను 26 ఎపిసోడ్లలో కుక్కింది. ఆ తల్లి కూతురి మనసు తెలుసుకుని సాగనంపే ఘట్టానికి ఒక పూర్తి ఎపిసోడ్ ఇచ్చి ఉంటే, మీ గ్రూపులో సగం గొడవ ఉండేది కాదు.

ప్రశ్న: ముగ్గురు నలుగురు అబ్బాయిలున్న సిరీస్‌లో హీరోయిన్ చివరికి ఎవరిదవుతుందో మొదటి ఎపిసోడ్‌లోనే కనిపెట్టే కిటుకు ఏమైనా ఉందా?

జవాబు: పోస్టర్‌లో ఆమెకు ఆనుకుని నిలబడ్డవాడిని చూడండి. మొదటి ఎపిసోడ్‌లో ఆమెతో ఎవడు ఎక్కువ పెడసరంగా మాట్లాడాడో అది కూడా చూడండి. ఇద్దరూ ఒకడే అయితే పందెం కట్టొచ్చు. వాడి జుట్టు తెల్లగా ఉండి, నెత్తిన చెవులు కూడా ఉంటే ఇంక చర్చే అక్కర్లేదు.