రెండు లక్షల ల్యాప్‌టాప్ మొదటి ఏడాదే కావాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ అయ్యాక హైదరాబాద్‌లో యానిమేషన్, వీఎఫ్ఎక్స్ డిగ్రీలో చేరాడు. ఈ రంగంలో పెద్దవాళ్లంతా ఇదే వాడతారంటూ 2 లక్షల ల్యాప్‌టాప్ చూపిస్తున్నాడు. మాది చిన్న బట్టల కొట్టు. కొనక తప్పదా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: రేపు వీఎఫ్ఎక్స్ (సినిమాల్లో కంప్యూటర్‌తో చేసే దృశ్య మాయలు) స్టూడియోలో ఉద్యోగం వస్తే మీవాడు ఈ ల్యాప్‌టాప్ మీద పని చెయ్యడు. విడుదల కాని షాట్లు బయటికి పొక్కుతాయన్న భయంతో పెద్ద స్టూడియోలు ఉద్యోగుల్ని వాళ్ల సొంత యంత్రాల మీద పని చెయ్యనివ్వవు. అక్కడి డెస్క్‌టాప్ మీదే చెయ్యాలి. కాబట్టి ఇప్పుడు కొనేది నేర్చుకోవడానికీ, చివరి ఏడాది షోరీల్ (ఉద్యోగానికి చూపించే తన పనుల వీడియో) తయారుచేసుకోవడానికీ. పెళ్లి వీడియోలు, యాడ్స్ సొంతంగా ఎడిట్ చేసేవాళ్ల లెక్క వేరు. వాళ్లకు ల్యాప్‌టాపే కొట్టు.

ఇక ఏం చూసి కొనాలి? గ్రాఫిక్స్ కార్డు పేరొక్కటే చూస్తే దెబ్బతింటారు. ఆర్‌టీఎక్స్ 4060 అన్న ఒకే పేరుతో 35 వాట్లవీ ఉన్నాయి, 115 వాట్లవీ ఉన్నాయి. వాట్లు తగ్గితే వేగమూ తగ్గుతుంది. చూడముచ్చటగా ఉండే పల్చటి మోడళ్లలో సాధారణంగా తక్కువ వాట్లదే పెడతారు. పైగా గంటల తరబడి రెండర్ (సీనును కంప్యూటర్ చివరి చిత్రాలుగా మార్చే పని) నడిస్తే ఆ కార్డు వేడెక్కి ఇంకా నెమ్మదిస్తుంది. తయారీ సంస్థ వెబ్‌సైట్‌లో టీజీపీ (గ్రాఫిక్స్ కార్డు వాడుకోగల కరెంటు) అన్న చోట ఆ వాట్లు వెతకండి. కనబడకపోతే ఆ మోడల్ వదిలెయ్యండి.

అసలు చిక్కు కార్డులోని మెమరీతో. 4096 పిక్సెళ్ల చదరపు టెక్స్చర్ (త్రీడీ వస్తువు పైన అతికించే బొమ్మ) ఒక్కటి మెమరీలో విప్పితే 64 ఎంబీ. ఒక పాత్రకూ, దాని వెనక వీధికీ కలిపి అలాంటివి వంద పడితే 6 జీబీ దాటిపోతుంది. మిగతా సీను కూడా అందులోకే రావాలి కనుక 8 జీబీ కార్డు మీద రెండర్ మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఉంది. తమాషా ఏమిటంటే, ల్యాప్‌టాప్‌లలో 4060కీ 4070కీ మెమరీ అదే 8 జీబీ. పెద్ద నంబరు కోసం పెట్టే అదనపు డబ్బుతో ఈ చిక్కు తీరదు. టెక్స్చర్‌ను 2048కి దించితే ఒక్కోటి 16 ఎంబీకి వస్తుంది, దూరంగా కనిపించే వస్తువుకు అది చాలు. ఆ పొదుపు స్టూడియోలో కూడా అడుగుతారు.

స్క్రీన్ విషయంలో మాత్రం రాజీ పడొద్దు. వివరాల్లో '45 శాతం ఎన్‌టీఎస్‌సీ' (రంగుల పరిధికి ఒక కొలత) అని ఉంటే ఎస్‌ఆర్‌జీబీ (మామూలు స్క్రీన్లకు ప్రామాణికమైన రంగుల పరిధి) రంగుల్లో మూడింట రెండొంతులే చూపిస్తుందని అర్థం. ఎరుపు వెలిసినట్టుంటుంది. కుర్రాడు దాన్ని పెంచుకుంటూ పోతాడు, అదే వీడియో మంచి ఫోన్‌లో చూస్తే ముఖాలు కుంకుమ పూసినట్టుంటాయి. కనీసం 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉండాలి.

ర్యామ్ (ల్యాప్‌టాప్ మెమరీ, పైన చెప్పిన కార్డు మెమరీ వేరు) 16 జీబీతో మొదలుపెట్టొచ్చు, కానీ ఖాళీ స్లాట్ ఉండాలి. బోర్డుకే అతికించిన ర్యామ్ అయితే తర్వాత పెంచలేరు. మ్యాక్‌బుక్‌లదీ అదే ఇబ్బంది, కొన్నరోజు ఎంత ఉంటే చివరిదాకా అంతే. కాలేజీలో త్రీడీఎస్ మ్యాక్స్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ నేర్పుతుంటే మ్యాక్ మాటే వద్దు, అది విండోస్‌లోనే నడుస్తుంది. అలాంటివే మాయా, బ్లెండర్ మాత్రం విండోస్, మ్యాక్ రెండింటిలోనూ నడుస్తాయి.

తొందరపడి ఈ నెలే కొనకండి. మొదటి సెమిస్టర్‌లో పెన్సిలు, కాగితం పనే ఎక్కువగా ఉంటే కాలేజీ ల్యాబ్ సరిపోతుంది. ఏ సాఫ్ట్‌వేర్ ఏ సెమిస్టర్‌లో వస్తుందో అధ్యాపకుల్ని అడిగి కాగితం మీద రాయించుకురమ్మనండి. 2 లక్షల్లో 30 వేలు ముందే పక్కన పెట్టండి: పెన్ టాబ్లెట్ (పెన్నుతో కంప్యూటర్‌లో బొమ్మలు గీసే పలక)కీ, బ్యాకప్ డిస్కుకీ, తర్వాత వేయించే ర్యామ్‌కీ. వీటిలో పెన్ టాబ్లెట్ ఇప్పుడే కొనిపెట్టినా తప్పులేదు.