చర్చి ప్లాన్ గీస్తున్న మా చిన్నోడికి

చిన్నా,

మన ఊరి పాత చర్చి తీసేసి కొత్తది కడుతున్నారని, ప్లాన్ నిన్నే గియ్యమన్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో, ఆ వెనకే గుబులు కూడా పట్టుకుంది. మీ పెదనాన్న పాస్టరుగా ఉన్నన్నాళ్ళూ ఏ ఊరు వెళ్తే ఆ ఊళ్ళో చర్చి కట్టడమో రిపేరు చెయ్యడమో ఉండేది, కట్టేటప్పుడు నన్నెవరూ అడగలేదు గానీ కట్టాక ఆడవాళ్ళ మధ్య చాప మీద కూర్చున్నది నేనే కాబట్టి నాలుగు ముక్కలు రాస్తున్నా, విసుక్కోకుండా చదువు.

మట్టి టెస్టు, స్థలం కాగితాలు, పర్మిషన్లు నీకు నేను చెప్పక్కర్లేదు.

సంఘ పెద్దలు ముందుగా అడిగేది శిఖరం. మెదక్ చర్చి చూసొచ్చిన ప్రతివాళ్ళకీ అలాంటిదే కావాలి. 175 అడుగుల శిఖరం అది, కరువు రోజుల్లో జనానికి పనీ తిండీ దొరకాలని పోస్నెట్ అనే మిషనరీ దొర ఏళ్ళ తరబడి కట్టించాడు, 1924 క్రిస్మస్ నాటికి ప్రతిష్ఠ అయింది, దానితో మనకి పోలికేంటి? వాళ్ళకి డోర్నకల్ చూపించు. అజరయ్య బిషప్ గారి చర్చి, 1939లో ప్రతిష్ఠ చేశారు, గుడి మండపం లాంటి స్తంభాలు, మసీదు లాంటి గుమ్మటాలు, మనదైన పద్ధతిలో కట్టుకోవచ్చని అర్థమవుతుంది. మన సంఘంలో డబ్బెలా వస్తుందో మర్చిపోకు, అన్నం వండే ప్రతిసారీ ఆడవాళ్ళు పిడికెడు బియ్యం తీసి డబ్బాలో పోస్తారు, అది అమ్మిన డబ్బు కూడా నీ స్లాబ్‌లో పడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. డెల్టాలో మేమున్న ఒక ఊళ్ళో పెంకుల చర్చి ఉండేది. ఇరుకే, కానీ మీ పెదనాన్న మైకు లేకుండా మాట్లాడినా గుమ్మం దాకా వినపడేది. అది పడగొట్టి అంతెత్తున స్లాబ్ వేశారు, నేలకి టైల్స్, గోడలకీ టైల్స్, వెనక గోడంతా అద్దాలు. ప్రతిష్ఠ రోజు చుట్టుపక్కల ఊళ్ళన్నీ వచ్చి నోరెళ్ళబెట్టి చూశాయి. వాక్యం మొదలెట్టగానే మాట మీద మాట పడి ఒకటే గోల, ముందు రెండు వరసలకి తప్ప ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. చందాలు వేసుకుని పెద్ద స్పీకర్లు కొన్నారు, ఇంకా ఘోరమైంది. వెనక కూర్చునే ఒక ముసలమ్మ ఆరాధన అయ్యాక మా వంటింటి గుమ్మంలోకి వచ్చి, "అమ్మగారూ, ఇవాళ అయ్యగారు ఏం సెప్పారండీ" అని అడిగేది, నేను పొయ్యి మీద కూర కలుపుతూ వాక్యమంతా మళ్ళీ చెప్పేదాన్ని. చదువు రాని మనిషికి ఆదివారం చెవిన పడిందే బైబిలు. కొన్నాళ్ళకి ఆవిడ రావడం మానేసింది. కర్టెన్లు కట్టారు, సీలింగ్‌కి ఏవో అట్టలు కొట్టారు, కాస్త తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

నీకు లెక్క తెలుసు, 17 మీటర్ల అవతల గోడకి కొట్టుకున్న మాట తిరిగి రావడానికి సెకనులో పదో వంతు పడుతుంది, ఈలోగా అయ్యగారు తర్వాతి మాటలో ఉంటారు. అందుకే వెనక గోడ నున్నగా వదలొద్దు, ఇటుకల జాలీ పెట్టు. సీలింగ్‌కి శబ్దం పీల్చే బోర్డులు మొదటి ఎస్టిమేట్‌లోనే రాయి, తర్వాత చూద్దాం అంటే ఎవరూ చూడరు. ముందు రెండు పెద్ద స్పీకర్లు కాదు, పక్క గోడల పొడుగునా చిన్నవి, తక్కువ సౌండ్‌తో. ఇంకోటి, మనుషులు కూడా శబ్దం పీలుస్తారు కాబట్టి నిండిన హాల్లో బాగానే అనిపిస్తుంది, బుధవారం ప్రార్థనకి ఇరవై మంది వచ్చినప్పుడు ఎలా ఉంటుందో ఆలోచించు.

కిటికీలు అందరూ మూడడుగుల ఎత్తులో పెడతారు, కుర్చీల వాళ్ళకి గాలి తగులుతుంది, చాప మీద వాళ్ళకి తల పైనుంచి పోతుంది. అడుగున్నర నుంచే మొదలెట్టు, ఊచలు దగ్గరదగ్గరగా వేయించు, పసిపిల్లలుంటారు.

తలుపుల గురించి మాత్రం నా మాట దాటొద్దు. డిసెంబర్ 31 రాత్రి జనం కిక్కిరిసి, పిల్లలు చాపల మీద నిద్రపోతుంటే, చెప్పులు పోతున్నాయని ఎవరో ఒకరు పక్క గేటుకి తాళం వేసేస్తారు. కరెంటు వైరు అంటుకుంటే ఎటు పోతారు? ఆ రాత్రుళ్ళు నేను కళ్ళు మూసి ప్రార్థన చేసిందే లేదు, గేటు వైపే చూస్తూ కూర్చునేదాన్ని. మూడు వైపులా తలుపులు, బయటికి తెరుచుకునేవి. చెప్పులకి వేరే అరుగు కట్టించు, తాళం గొడవే ఉండదు.

గుమ్మానికి తిన్నగా ర్యాంపు, అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు, మలుపు లేకుండా. మీ పెదనాన్న ఆఖరి ప్రయాణంలో పెట్టె ముందువైపు పట్టుకున్నది నువ్వే, ఆ మెట్ల మలుపులో ఏమైందో నీకు చెప్పక్కర్లేదు.

ప్రేమ విందు వంటకి వెనక షెడ్డు, గిన్నెలు కడిగిన నీళ్ళు పోయే కాలవ. ఆడవాళ్ళకి బాత్‌రూములు ఎక్కువ పెట్టు, పెద్దలతో వాదన పడితే నా పేరు చెప్పు.

రాత్రి రెండింటి దాకా తిండి మానేసి గీస్తున్నావట, దెబ్బలు పడతాయి. తొందరేం లేదు నాన్నా, వేళకి తిను. ప్లాన్ వాట్సాప్‌లో పంపకు, నా కళ్ళకి ఆనదు, పెద్ద కాగితం మీద ప్రింటు తీయించి పట్టుకురా. అయ్యగారు నిలబడి వాక్యం చెప్పే పుల్పిట్ నుంచి ఆఖరి చాప దాకా ఎన్ని అడుగులో దాని మీద రాసి ఉండాలి.

మీ పెద్దమ్మ