డాక్టర్ సలహా: చేతి నరం తీస్తే మళ్లీ కొబ్బరి వలవగలరా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లె. నాన్నకు 59 ఏళ్లు, కొబ్బరి వలుపు పని. పదేళ్లుగా షుగర్ ఉంది. కుడి చేతి నుంచి యాంజియోగ్రామ్ చేసి, మూడు రక్తనాళాలు పూడాయి, బైపాస్ చేయాలన్నారు. ఒక సర్జన్ ఛాతీ నుంచి, ఎడమ చేతి నుంచి నరాలు తీస్తామన్నారు. ఇంకొకరు చెయ్యి వద్దు, ఛాతీ, కాలు చాలన్నారు. ఏది మంచిది? కాలి నరం చిన్న గాటుతో తీయడానికి ఎక్కువ ఖర్చవుతుందట, అవసరమా?
– ఒక పాఠకుడు, కోనసీమ

జవాబు: మన వైపు రక్తనాళాన్ని కూడా నరం అనే అంటాం కాబట్టి, నరం తీస్తే చెయ్యి పడిపోతుందని చాలామందికి టెన్షన్. తీసేది మణికట్టు దగ్గర నాడి చూసే ధమనిని. అరచేతికి చిటికెన వేలి వైపు నుంచి ఇంకో ధమని కూడా రక్తం ఇస్తుంది. అదొక్కటే సరిపోతుందా అన్నది ముందే చూస్తారు. పిడికిలి బిగించమని రెండు ధమనులనూ నొక్కి పట్టి, చిటికెన వేలి వైపుది మాత్రం వదులుతారు. తెల్లబడ్డ అరచెయ్యి కొన్ని సెకన్లలోనే ఎర్రబడాలి. అనుమానముంటే డాప్లర్ స్కాన్ ఉంది. తీశాక బొటనవేలి వైపు కొన్ని నెలలు తిమ్మిరి ఉండొచ్చు. పట్టు మాత్రం సాధారణంగా తగ్గదు. నిజానికి గునపం మీద కాయ వలవడానికి ఆలస్యమయ్యేది చేతి వల్ల కాదు, కోసిన రొమ్ము ఎముక అతుక్కోవాలి కాబట్టి. దానికి మూడు నెలలు ఆగాలి.

ఛాతీ ధమని విషయంలో ఇద్దరికీ పేచీ లేదు, చూశారా? గుండె ముందు వైపు ప్రధాన నాళానికి దాన్ని కలిపితే పదేళ్ల తర్వాత కూడా వందలో తొంభై దాకా తెరిచే ఉంటాయి. కాలి సిరల్లో అప్పటికి సగానికి దగ్గరగా మూసుకుపోతాయి. అయితే ఛాతీ ధమనిని చుట్టూ ఉన్న కండతో కలిపి పట్టీలా తీయొచ్చు, లేదా ధమనిని మాత్రమే ఒలిచి తీయొచ్చు. రెండో పద్ధతిలో రొమ్ము ఎముకకు రక్తం బాగా మిగులుతుంది, కాబట్టి షుగర్ ఉన్నవారికి, ముఖ్యంగా రెండు వైపులా తీసేటప్పుడు, గాయం చీము పట్టే ముప్పు తక్కువ. కానీ ఒలిచేటప్పుడు ధమని దెబ్బ తినకుండా చూడాలి, అది చెయ్యి తిరిగిన సర్జన్ పని. మీ సర్జన్ రోజూ ఏ పద్ధతిలో తీస్తారో అడగండి. అలవాటు లేని పద్ధతి కోసం ఒత్తిడి చేయకండి.

ఇక చెయ్యా, కాలా? 2018లో ఆరు అధ్యయనాలను కలిపి చూస్తే, ఐదేళ్లలో చేతి ధమని వాడినవారికి గుండెపోట్లు, మళ్లీ చికిత్స అవసరాలు తగ్గాయి. నేనైతే చేతి వైపే మొగ్గుతాను. కానీ ఒక షరతు ఉంది. అది కలిపే నాళంలో పూడిక గట్టిగా ఉండాలి. సగం పూడిన నాళానికి కలిపితే, పాత దారిలోనే రక్తం పారుతుంది కనుక చేతి ధమని బిగుసుకుపోతుంది. రెండో డాక్టరు వద్దనడానికి కారణం ఇదే కావొచ్చు, కాబట్టి పూడిక శాతాలు అడిగి తెలుసుకోండి. కిడ్నీలు బాగా దెబ్బతిని ఉంటే మాత్రం చెయ్యి వదిలేయాలి, రేపు డయాలసిస్‌కు అదే కావాలి.

మూడు నాళాలు కాబట్టి కాలి సిర కూడా అవసరం పడొచ్చు. అప్పుడు కెమెరాతో చిన్న గాటు పద్ధతికి డబ్బు పెట్టడం దండగ కాదు. 2019లో వెలువడిన 1150 మంది అమెరికా రోగుల అధ్యయనంలో గుండె ఫలితాల్లో తేడా రాలేదు, కాలి గాయానికి ఇన్ఫెక్షన్ మాత్రం తక్కువగా కనిపించింది. షుగర్ ఉన్న మనిషి, తోటల్లో బురద, కాలవ నీళ్లు, అందుకే ఈ మాట చెబుతున్నాను.

కుడి చేతి ధమనిలో ఇప్పటికే యాంజియోగ్రామ్ గొట్టం వెళ్లింది, దాన్ని లెక్కలోంచి తీసేయండి. మిగిలింది ఎడమ చెయ్యి. ఆపరేషన్ అయ్యేదాకా ఆ చేతికి సెలైన్ సూది పెట్టనివ్వకండి, రక్తం తీయనివ్వకండి.